మంచుమీది వ్యాపారము: చిన్న పట్టణమున హాకీ జట్టు

హాకీ అనగానే మన శ్రోతలకు పచ్చని మైదానము, కొస వంగిన కర్ర, తెల్లని బంతి, వాటితోపాటు ధ్యాన్‌చంద్ పేరు జ్ఞప్తికి వచ్చును. అమెరికా, కెనడా దేశములలో ఆ మాటకు అర్థము వేరు. అక్కడ హాకీ అనిన మంచుమీది హాకీయే. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచుపలక. ఆటగాండ్ర బూట్లకు అడుగున ఉక్కు అంచులు. బంతికి మారుగా గట్టి రబ్బరు బిళ్ల. ఒక్కొక్క ప్రక్క ఆరుగురే మంచు మీద నుందురు గాని, ఆట వేగము మూలమున నిమిషమునకు ఒకమారైనను మనుష్యులు మారుచుందురు. అందుచే జట్టునకు ఇరువది మందికి తక్కువ గాకుండ కావలెను.

నేడు మేము ముచ్చటింపదలచినది ఈ ఆటను గూర్చి కాదు. ఈ ఆట వెనుకనున్న పద్దుపుస్తకమును గూర్చి. లక్షో రెండు లక్షలో జనము గల ఒక పట్టణమున క్రొత్తగా హాకీ జట్టును నెలకొల్పవలెనన్న ఏమేమి కావలెను? ఎంతో ఆర్భాటముతో మొదలైన జట్లు రెండు మూడేండ్లలోనే ఏల మూతపడుచున్నవి? కొన్ని మాత్రము తాతల నాటినుండి మనుమల నాటివరకు ఏల నిలిచియున్నవి? ఆట యెడల ఆసక్తి లేనివారికిని ఈ ప్రశ్నలు ఉపయోగపడునని మా నమ్మకము. ఏలయన, నాటక సమాజము నడుపువానికైనను, సర్కసు నడుపువానికైనను, చివరకు ఎదురగు చిక్కు ఇదియే: సాయంకాలము ఇంటిలో కూర్చుండినవానిని లేపి, టిక్కెట్టు కొనిపించి, కుర్చీలో కూర్చుండబెట్టుట.

ముందుగా ఈ ఆటలోని మెట్లను తెలిసికొనవలెను. పైమెట్టున నేషనల్ హాకీ లీగు ఉన్నది. అది 1917 నవంబరులో మాంట్రియల్ నగరమున పుట్టినది. నేడు అందు 32 జట్లు కలవు. దాని క్రిందిది 1936లో ఆరంభమైన అమెరికన్ హాకీ లీగు. అందును 32 జట్లే. ఒక్కొక్కటి పైలీగులోని ఒక్కొక్క జట్టునకు అనుబంధము. మూడవ మెట్టు 1988లో ఐదు జట్లతో ఈస్ట్ కోస్ట్ హాకీ లీగను పేర మొదలై, నేడు ఇ.సి.హెచ్.ఎల్. అను పొడి అక్షరములతోనే పిలువబడుచున్న లీగు. అంతకు క్రింద, పైవారి అండ లేక తమ కాళ్లపై తాము నిలువవలసిన స్వతంత్ర లీగులు కలవు. రెండవ మెట్టు మొదలుకొని క్రిందివానినన్నిటిని కలిపి చిన్న లీగులని వ్యవహరింతురు.

ఈ మెట్ల సంగతి ముందుగా చెప్పుటకు కారణము లేకపోలేదు. ఆటగానికి జీతమిచ్చువాడెవడు అను ప్రశ్నకు సమాధానము మెట్టును బట్టి మారును. అమెరికన్ లీగు జట్టులోని ముఖ్యులైన ఆటగాండ్రు పైజట్టుతో ఒప్పందము చేసికొన్నవారు. వారి జీతము పైజట్టే ఇచ్చును. స్థానిక యజమాని క్రీడామందిరమును, టిక్కెట్లను, ప్రచారమును చూచుకొనును. ఇది చూపునకు గొప్ప వెసులుబాటు. కాని జీతమిచ్చువాడే అధికారి గదా! ఒక యువకుడు చక్కగా ఆడి, ఊరిలోని పిల్లలందరి నోట తన పేరు పలికించుకొనునంతలో పైనుండి పిలుపు వచ్చును. మరునాటి సాయంకాలమునకు అతడు వేరొక నగరమున వేరొక చొక్కా తొడుగుకొని ఆడుచుండును. స్థానిక యజమాని తన దుకాణములోని సరకుపై తనకు అధికారము లేని వర్తకుడు. అందుచే అనుభవజ్ఞులు ఏ ఒక్క ఆటగాని బొమ్మతోను ఏడాది పొడవున ప్రచారము చేయరు. జట్టు పేరును, ఊరి పేరును ముందుంచుదురు. స్వతంత్ర లీగులలో ఈ చిక్కు లేదు. అక్కడ అధికారమంతయు యజమానిదే, ఖర్చంతయు యజమానిదే.

ఇక మంచు సంగతి. చలిదేశమే అయినను ఈ ఆటకు కావలసిన మంచు ఆకాశమునుండి రాలునది కాదు, కర్మాగారమున తయారగునట్టిది. గట్టి కాంక్రీటు నేల. దాని లోపల దగ్గర దగ్గరగా పరచిన గొట్టములు. వానిలో సున్న డిగ్రీల క్రిందికి చల్లార్చినను గడ్డకట్టని ఉప్పునీరు ప్రవహించుచుండును. నేల చల్లబడిన పిదప నీటిని పలుచని పొరలుగా చల్లుచు, ఒక్కొక్క పొర గడ్డకట్టిన తరువాత మరియొకటి వేయుదురు. మొత్తము మందము ఒక అంగుళమునకు అటునిటు మాత్రమే. తెల్లని రంగు, ఎర్ర గీతలు, నీలి గీతలు ఆ పొరల నడుమ దాగియుండును. ఉక్కు అంచులు గీచిన మంచును చెక్కి, వేడినీటితో మరల నునుపు చేయు బండిని 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ అను ఆయన నిర్మించెను. నేటికిని ఆ బండికి ఆయన పేరే. అంతకు పూర్వము ఈ పని కొందరు కూలీలు కలిసి, గంటకు పైగా శ్రమించి చేయవలసి వచ్చెడిది.

ఇదంతయు చెప్పుటలో మా ఉద్దేశము ఒక్కటే. ప్రేక్షకులు ఐదువేలమంది వచ్చినను, ఐదువందల మంది వచ్చినను, మంచును కాపాడు యంత్రములు రాత్రింబవళ్లు తిరుగుచునే యుండును. అందుచే క్రొత్త జట్టు పెట్టువారు తామే మందిరము కట్టుట అరుదు. సాధారణముగా అది నగర సంస్థదో, జిల్లా పాలనా సంస్థదో, మరియొక కంపెనీదో అయి యుండును. జట్టు అద్దెకు దిగును. ఈ అద్దె పత్రమే జట్టు జాతకము. బండ్లు నిలుపు స్థలముపై వచ్చు సొమ్మెవరిది? తినుబండారముల మీది లాభములో పాలెంత? గోడలమీద ప్రకటనలు అమ్ముకొను హక్కు ఎవరిది? టిక్కెట్ల రాబడి అద్దెకు, జీతములకు చాలినను, లాభము అన్నది సామాన్యముగా ఈ మూడింటిలోనే దాగియుండును. పత్రముపై వ్రాలు చేయునాడు వీనిని విడిచిపెట్టిన యజమాని, మందిరము నిండిన రాత్రికూడ నష్టముతో ఇంటికి పోవును.

తన మందిరము తన చేతిలో లేకున్న ఏమగునో ఈ ఆట చరిత్రలో మొదటినుండియు దృష్టాంతములు కలవు. నేషనల్ లీగు పుట్టి రెండు నెలలు నిండకమునుపే, 1918 జనవరిలో, మాంట్రియల్ వాండరర్స్ ఆడు మందిరము కాలిపోగా ఆ జట్టే అంతరించినది. 1956 జనవరిలో బాల్టిమోర్ నగరమున ఇట్లే మరియొక మందిరము దగ్ధమైనది. నిలువనీడ లేని క్లిప్పర్స్ జట్టు దక్షిణమున నార్త్ కరోలినాలోని షార్లట్ నగరమునకు పోయి, అక్కడి క్రొత్త మందిరమున ఆడెను. మంచు హాకీని ఎరుగని ఆ ఊరిలో మొదటి ఆటకు పదివేలకు పైగా జనము వచ్చిరి. జట్టు అక్కడనే స్థిరపడినది. దక్షిణ రాష్ట్రములలో ఈ ఆటకు గిరాకీ కలదని వ్యాపారులకు తెలిసినది. మూడవ దృష్టాంతమునకు నిప్పుతో పని లేదు. లాస్ వేగాస్‌లో 2003 నుండి ఆడుచుండిన రాంగ్లర్స్ జట్టునకు మందిరము అద్దె గడువు 2014లో తీరినది, యజమానులు పొడిగింపలేదు. మరియొక చోటు దొరకక ఆ జట్టు లీగునుండి తొలగిపోయినది. కాలిపోయిన మందిరమునకును, తాళము పడిన మందిరమునకును జట్టు విషయమున భేదము లేదు.

మందిరము దొరికిన తరువాత తేదీలు దొరకవలెను. అమెరికన్ లీగులోను, ఇ.సి.హెచ్.ఎల్. లోను ఒక్కొక్క జట్టునకు ఏడాదికి 72 ఆటలు. అందు సొంత ఊరిలో ఆడునవి 36. ఈ ముప్పదియారు రాత్రులలోనే ఏడాది సంపాదన అంతయు జరుగవలెను. శుక్ర, శని, ఆదివారములు పండిన చేలు. మంగళ, బుధవారములు బీళ్లు. కాని అదే మందిరమున సర్కసు ఉండును, సంగీత సభ ఉండును, కళాశాలల బాస్కెట్‌బాల్ ఉండును. మందిరాధికారి ఎక్కువ అద్దె ఇచ్చువారికి శనివారమును కేటాయించి, క్రొత్త హాకీ జట్టునకు మంగళవారమును అంటగట్టినచో, ఆట ఎంత రసవత్తరమైనను కుర్చీలు ఖాళీగనే యుండును.

ఒక చిన్న లెక్క వేసికొందము. ఇది కేవలము ఊహకొరకు వేయు లెక్కయే. సగటున ఆటకు 3,000 మంది వచ్చి, తలకు 20 డాలర్లు ఇచ్చిరనుకొందము. ముప్పదియారు ఆటలకు 1,08,000 టిక్కెట్లు. రాబడి 21,60,000 డాలర్లు. సగటు 2,000కు దిగిన రాబడి 14,40,000 డాలర్లు. అనగా 7,20,000 డాలర్లు లోటు. కాని ఖర్చు మూడవ వంతు తగ్గినదా? లేదు. అద్దె, మంచు, ఆటగాండ్రు, బస్సు, భీమా అన్నియు యథాతథము. ఇదియే ఈ వ్యాపారములోని కీలకము: ఖర్చు స్థిరము, రాబడి చంచలము. పైలీగునకు టెలివిజన్ హక్కుల సొమ్ము అండగా నుండును. చిన్న లీగునకు ద్వారమున చేతికి వచ్చిన సొమ్మే సొమ్ము. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు ఈ భేదము అందరికిని కండ్లకు కట్టినది. ఆ వేసవిలో పైలీగు జనము లేని మందిరములలో ఆడి, టెలివిజన్‌లో చూపి, తన పోటీలను పూర్తి చేసికొన్నది. చిన్న లీగులు పోటీలను అర్ధాంతరముగా ఆపివేసినవి, ఇ.సి.హెచ్.ఎల్. లోని పలు జట్లు తరువాతి ఏడు అసలు ఆడనే లేదు.

ఖర్చుల పట్టికలో కొన్ని పద్దులు క్రొత్తవారిని ఆశ్చర్యపరచును. ఆటగానికి జీతముతో సరిపోదు. మూడవ మెట్టు లీగులో వారికి నివాసము కూడ జట్టే చూపవలెను. కర్రలు తరచు విరుగును. విరిగిన కర్ర పనికిరాదు. ఇది మనుష్యులు ఒకరినొకరు ఢీకొను ఆట, గాయములు నిత్యము, కావున కార్మిక పరిహారపు భీమా బరువైన పద్దు. ప్రయాణము బస్సులో. లీగులోని తక్కిన జట్లు నాలుగైదు గంటల దూరమున ఉన్నచో రాత్రికి రాత్రి తిరిగి రావచ్చును. పదిగంటల దూరమున ఉన్నచో ఇరువది అయిదు మందికి హోటలు, భోజనము. అందుచే జట్టు పెట్టువాడు తన ఊరి పటమునే కాక, పొరుగూళ్ల పటమును కూడ చూడవలెను. పొరుగు జట్టు మూతపడుట పోటీదారు తొలగుట కాదు. తన బస్సు దారి పొడవగుట.

ఇక జనమును రప్పించు విద్య. మంచి జట్టున్న జనము తామే వత్తురని క్రొత్త యజమాని తలంచును. అనుభవము అట్లు చెప్పదు. గెలుపును కొనలేము; కాని సాయంకాలమును అందముగా అమర్చవచ్చును. కుటుంబము నలుగురు కలిసి రాదగిన వెల, పిల్లలకు వేడుక, నడుమ విరామములో వినోదము, ఊరి పాఠశాలలకు, ధర్మసంస్థలకు ఏదో యొక మేలు. పెన్సిల్వేనియాలో చాకొలెట్టునకు ప్రసిద్ధమైన హెర్షీ అను ఊరు కలదు. జనము 15,000 లోపు. మిల్టన్ హెర్షీ 1936లో అక్కడ పెద్ద మందిరము కట్టించెను; 1938 నుండి హెర్షీ బేర్స్ జట్టు అమెరికన్ లీగులో ఎడతెగక ఆడుచున్నది. ఏటా ఒకనాడు, తమ జట్టు మొదటి గోలు కొట్టగానే ప్రేక్షకులు గుడ్డతో చేసిన ఎలుగుబంటి బొమ్మలను మంచుమీదికి విసరుదురు. వానిని పోగుచేసి పిల్లలకు పంచిపెట్టు సంస్థలకిత్తురు. 2025 జనవరిలో ఒక్కనాడే లక్షకు పైగా బొమ్మలు పోగైనవి. ఊరి జనాభాకు ఎన్నో రెట్లు! ఆ బొమ్మ విసరిన పిల్లవాడు జట్టునకు ఏండ్ల తరబడి ప్రేక్షకుడగునని వేరుగ చెప్పనక్కరలేదు.

రేడియోవారమగుటచే మరియొక మాట చెప్పక ఉండలేము. ఈ చిన్న జట్లలో ఆటను వర్ణించి చెప్పు వ్యాఖ్యాత తరచు జట్టు ఉద్యోగియే. అతడే పత్రికలకు వార్తలు వ్రాయును, అతడే అంకెలు కూర్చును, అతడే ఆటగాండ్రతో బస్సులో ప్రయాణము చేయును. పరాయి ఊరిలో జరుగు ముప్పదియారు ఆటలు సొంత ఊరివారికి అతని గొంతులోనే వినవచ్చును. ఒక్క మనిషి జీతముతో ఏడాది సగము రాత్రులు జట్టును ఇంటింట నిలుపు ఈ ఏర్పాటుకన్న చవకయైన ప్రచారము మరియొకటి మాకు తోచుట లేదు.

జట్టు బాగుగ నడచినను లీగు బాగుగ నడువకున్న ప్రయోజనము లేదు. 1945లో పుట్టిన ఇంటర్నేషనల్ హాకీ లీగు అర్ధశతాబ్దము పాటు మధ్యతరగతి పట్టణములలో పొదుపుగా నడచినది. 1990 తరువాత అది మహానగరములపై కన్ను వేసి, పైలీగు జట్లున్న చోట్లకే పోయినది. ప్రయాణములు విమానములకెక్కినవి, జీతములు పెరిగినవి, టిక్కెట్టు వెల మాత్రము చిన్న లీగుదే. 2001లో ఆ లీగు మూతపడగా, ఆరు జట్లు అమెరికన్ లీగులో చేరి బ్రతికినవి. టెక్సస్ ప్రాంతమున 1996లో ఆరు జట్లతో మొదలైన మరియొక లీగు మూడేండ్లలో రెట్టింపునకు మించి పెరిగి, 2001లో పొరుగు లీగులో కలిసిపోయినది. ఇట్టి పెరుగుదలలో ఒక మోసము కలదు. క్రొత్త జట్టు చేరునపుడు లీగునకు ప్రవేశ రుసుము ముట్టును. ఆ రుసుమును రాబడిగా ఎంచి దానితోనే సంసారము సాగించు లీగు, ఊరి బలము చూడక, రుసుమిచ్చినవానినెల్ల చేర్చుకొనును. విత్తనపు గింజలు వండుకొని తిన్నట్లగును.

ఈ లెక్కలన్నిటి క్రింద ఊళ్ల సుఖదుఃఖములు కలవు. పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ ఉక్కు పరిశ్రమతో వెలసిన పట్టణము. 1950లో పుట్టిన అక్కడి జెట్స్ జట్టు ఆధారముగా 1977లో ‘స్లాప్ షాట్’ అను చలనచిత్రము వచ్చినది. కర్మాగారము మూతపడబోవు ఊరిలో జట్టును కూడ అమ్మివేయుదురేమో అను బెంగయే ఆ కథకు ప్రాణము. ఆ ఏడే జూలైలో ఊరిని వరద ముంచెత్తినది. జెట్స్ మరల లేవలేదు. 1988లో చీఫ్స్ అను జట్టు ఇ.సి.హెచ్.ఎల్. తొలి ఐదింటిలో ఒకటిగా అక్కడ వెలసి, ఇరువది రెండేండ్లు నిలిచి, 2010లో దక్షిణమునకు తరలిపోయినది. 1920లో 67,000 మంది ఉన్న ఆ ఊరిలో 2020 నాటికి 18,000 మందియే. అక్కడ జనము జట్టును విడువలేదు, జనమే లేకపోయిరి.

న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ కథ వేరు. ఆ ఊరి మోనార్క్స్ జట్టు 2015లో అమెరికన్ లీగు విజయపాత్రమైన కాల్డర్ కప్పును గెలిచినది. గెలిచిన ఏడే జట్టు కాలిఫోర్నియాకు పోయినది! లాస్ ఏంజెలిస్‌లోని పైజట్టు తన అనుబంధపు జట్టును దగ్గర ఉంచుకొనదలచెను. అది ఒక్కటే కాదు, ఐదు పైజట్లు కలిసి తమ జట్లను ఆ రాష్ట్రమునకు మార్చుకొన్నవి. మాంచెస్టరునకు మారుగా దొరికిన మూడవ మెట్టు జట్టు అదే పేరు పెట్టుకొని నాలుగేండ్లు ఆడి, 2019లో మూతపడినది. ఇండియానాలోని ఫోర్ట్ వేన్ మాత్రము పోయినదానిని తిరిగి తెచ్చుకొన్నది. 1952 నుండి అక్కడ ఆడుచుండిన కోమెట్స్ జట్టును 1990లో అప్పటి యజమాని ఆల్బనీకి తరలించెను. ఆ ఊరివారైన ఫ్రాంకె సోదరులు వెంటనే ఫ్లింట్ నగరపు జట్టును కొని తెచ్చి, దానికి కోమెట్స్ అని పాతపేరే పెట్టిరి. ఆల్బనీకి పోయిన జట్టు ఆ ఏడు పూర్తికాకమునుపే అంతరించినది. ఫోర్ట్ వేన్‌లో కోమెట్స్ నేటికిని ఆడుచున్నది. ఆటగాండ్ర ఒప్పందములను బండికెక్కించి తీసికొనిపోవచ్చును. నలువది ఏండ్ల అలవాటును తీసికొనిపోలేరు.

ఈ సంగతులు మనకు బొత్తిగా దూరపువి కావు. మన తెలుగు కుటుంబములు అధికముగా స్థిరపడిన డాలస్ పరిసరములలోనే, ఆలెన్ అను ఊరిలో, 2009లో వెలసిన అమెరికన్స్ జట్టు 2013 నుండి 2016 వరకు వరుసగా నాలుగేండ్లు తన లీగు విజేతయైనది. మన హైదరాబాదు సంగతి చూతము. 2005లో ప్రీమియర్ హాకీ లీగు తొలి పోటీలు గచ్చిబౌలిలో జరుగగా హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచినది; 2008తో ఆ లీగే ముగిసినది. 2013లో వచ్చిన హాకీ ఇండియా లీగు 2017 తరువాత ఆగి, 2024 డిసెంబరులో మరల మొదలైనపుడు హైదరాబాద్ తూఫాన్స్ అను జట్టు వెలసి, తుదిపోటీ వరకు వచ్చినది. కాని ఆ ఏటి పోటీలన్నియు రూర్కెలా, రాంచీ నగరములలోనే జరిగినవి. హైదరాబాదు పేరు ధరించిన జట్టును హైదరాబాదువారు సొంత మైదానమున ఒక్కనాడును చూడలేదు. ఖర్చు కలిసివచ్చుటకు ఇది తెలివైన ఏర్పాటే కావచ్చును. కాని సాయంకాలము తండ్రి చేయి పట్టుకొని ఆటకు పోయిన బాలుడు ఇరువది ఏండ్ల తరువాత తన కుమారుని చేయి పట్టుకొని అదే కుర్చీల వరుసకు వచ్చుటయే చిన్న జట్టునకు మూలధనమని పై కథలన్నియు చెప్పుచున్నవి. ఆ ధనము కూడుటకు మొదట ఆ ఊరిలో ఆట జరుగవలెను గదా! మన నగరములలో జట్లు పెట్టదలచినవారు విజయపాత్రమును గూర్చి యోచించుటకు ముందు, ఏడాదికి కనీసము కొన్ని రాత్రులు తమ ఊరి మైదానమున దీపములు వెలిగించు మార్గమును యోచింపవలెనని మా మనవి.